ఒక్కరోజులో అమరావతి, ఉండవల్లి: ఏది ముందు, ఏది తర్వాత

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. కనుమ అయ్యాక ఒక రోజు ఖాళీ ఉంది. విజయవాడలో అత్తగారింట్లో ఉంటారు, కారు ఉంది. మోకాళ్ల నొప్పులున్న నాన్నగారు, అయిదో తరగతి చదివే పాప వెంట వస్తారు. కృష్ణమ్మ మీద సూర్యోదయం చూసి, చుట్టుపక్కల ఉన్న పాత బౌద్ధ స్థలాలూ హిందూ ఆలయాలూ చీకటి పడేలోగా చూసి రావాలి. మీరు రాసుకున్న వరసలో ఏడు పేర్లున్నాయి: ఉండవల్లి, అమరావతి, ధ్యానబుద్ధ, మంగళగిరి, కోటప్పకొండ, చేజెర్ల, భట్టిప్రోలు.

నేను గుంటూరు జిల్లాలో ముప్పై ఏళ్లు సోషల్ మాస్టారుగా పనిచేశాను. ఏటా పిల్లల్ని ఈ దారిలో తీసుకెళ్లేవాణ్ణి. రిటైరయ్యాక కూడా బంధువులు ఎవరొచ్చినా వెంట వెళ్తూనే ఉన్నాను. ఆ అనుభవంతో ముందుగా చెప్పేది ఒకటే. ఏడింట్లో నాలుగు కొట్టేయండి. అమరావతి, ఉండవల్లి ఉంచుకోండి, ధ్యానబుద్ధ ఎలాగూ అమరావతిలోనే ఉంది. భట్టిప్రోలు తూర్పున రేపల్లె దారిలో, చేజెర్ల పడమట పల్నాడులో, కోటప్పకొండ నరసరావుపేట దగ్గర. వీటన్నిటికీ తిరిగితే మీరు చూసేది రోడ్డే. మంగళగిరి సంగతి చివర్లో చెప్తాను.

సూర్యోదయానికి ప్రకాశం బ్యారేజీకి మించిన చోటు లేదు. మీరు వచ్చేది జనవరిలో కాబట్టి మరీ మంచిది. బ్యారేజీ ఉత్తరాన విజయవాడ నుంచి దక్షిణాన సీతానగరం దాకా కృష్ణకు అడ్డంగా ఉంటుంది. పైవైపు, అంటే పడమటి వైపు, నిండా నీళ్లు. కిందివైపు, తూర్పున, చలికాలంలో ఇసుక మేటలూ మధ్యమధ్య మడుగులూ. జనవరిలో సూర్యుడు ఆగ్నేయం వైపు జరిగి ఉంటాడు గనక సరిగ్గా ఆ ఇసుక మేటల మీదుగా లేస్తాడు. మొదటి వెలుగు ఇంద్రకీలాద్రి మీద పడుతుంది. కొండ రాయి ఎర్రబడటం చూడాలంటే వెనక్కి తిరిగి నిలబడాలి, చాలామంది అది మరిచిపోతారు. జనవరి మధ్యలో సూర్యోదయం 6:40 ప్రాంతంలో. 6:15 కల్లా అక్కడ ఉండండి. మంచు పట్టిన రోజైతే సూర్యుడు కాస్త పైకొచ్చాకే కనిపిస్తాడు, కంగారు పడి వెళ్లిపోకండి. వేసవిలో వచ్చేవాళ్లు మాత్రం 5:30కే సిద్ధంగా ఉండాలి.

బ్యారేజీ మీద బండి ఆపనివ్వరు. సీతానగరం వైపు దిగాక పక్కన ఆపుకుని, నాన్నగారు నడవగలిగినంత దూరం వెనక్కి నడిచి రండి. పాపకు గేట్లు లెక్కపెట్టమని చెప్పండి, 70 ఉంటాయి. ఇది 1957లో పూర్తయింది. దీనికి ముందు ఇక్కడే 1855 నాటికి కట్టిన పాత ఆనకట్ట ఉండేది. కృష్ణా డెల్టా అంతా దాని నీళ్లతో పచ్చబడిందే.

ఇక్కడినుంచి ఉండవల్లి గుహలు పది నిమిషాలు. అందుకే అందరూ ముందు ఉండవల్లికి వెళ్లిపోతారు. నేను వద్దంటాను. ఉదయం 7 గంటలకు అక్కడికి వెళ్తే గేటు తీసే దాకా బయట కూర్చోవాల్సి రావచ్చు. ఉండవల్లి ముగించుకుని అమరావతి చేరేసరికి ఎండ నెత్తికెక్కుతుంది, గుడి మధ్యాహ్నానికి తలుపులు మూసేస్తుంది. స్తూపం దగ్గర నీడ తక్కువ. అదే తలకిందులు చేస్తే అన్నీ కుదురుతాయి. పొద్దున్నే అమరావతి, సాయంత్రం ఉండవల్లి. ఉండవల్లి గుహల ముఖం తూర్పుకు ఉంటుంది. ఉదయం ఎండ నేరుగా పడుతుంది, ఫోటోలు తీసేవాళ్లకు అదే కావాలి. సాయంత్రం కొండ నీడ ముందుకు పరుచుకుంటుంది, రాయి చల్లబడుతుంది. మోకాళ్ల నొప్పులున్న మనిషితో మెట్లెక్కాలంటే నీడే ముఖ్యం.

కాబట్టి 7 గంటలకు కరకట్ట మీదుగా బయలుదేరండి. ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క అరటి తోటలు. దారి సన్నం, ఎదురు బండి వస్తే ఒకరు తగ్గాలి. రాజధాని పనుల లారీలు తిరుగుతుంటాయి, తొందరపడకండి. వెంకటపాలెం, రాయపూడి దాటి తుళ్లూరు మీదుగా వెళ్లాలి. మొత్తం 35 కిలోమీటర్ల పైచిలుకు. ఒక హెచ్చరిక: ఫోనులో ఉత్తినే "అమరావతి" అని కొడితే వెలగపూడి సచివాలయం వైపు తీసుకెళ్లే అవకాశం ఉంది. "అమరేశ్వరస్వామి గుడి" అని కొట్టండి. వానాకాలంలో వచ్చేవాళ్లకు ఇంకోటి. పెదమద్దూరు దగ్గర వాగు పొంగితే ఆ దారి తెగిపోతుంది. ఒకసారి నలభై మంది పిల్లలతో ఆ వాగు ఒడ్డున నిలబడి, ప్లాస్టిక్ డబ్బాల్లో పులిహోర అక్కడే పంచేసి వెనక్కి తిరిగాను. అలాంటి రోజుల్లో గుంటూరు చుట్టి లాం మీదుగా రావడమే క్షేమం. గుంటూరులో ఉండేవాళ్లకు మామూలు రోజుల్లోనూ అదే దగ్గర దారి.

8:15కు అమరావతి చేరతారు. టిఫిన్ చేసి ముందు గుడికి వెళ్లండి. అమరలింగేశ్వరుడు పంచారామాల్లో మొదటివాడు. ద్రాక్షారామం, సామర్లకోట, పాలకొల్లు, భీమవరం తక్కిన నాలుగూ. కుమారస్వామి తారకాసురుణ్ణి చంపినప్పుడు వాడి మెడలోని లింగం అయిదు ముక్కలైందని, ఇక్కడి ముక్కను ఇంద్రుడు ప్రతిష్ఠించాడని స్థలపురాణం. లింగం ఎత్తు 15 అడుగులు. అర్చకులు పై అంతస్తులో నిలబడి అభిషేకం చేస్తారు. పెరుగుతూ పోతుంటే ఇంద్రుడు నెత్తిన మేకు కొట్టి ఆపాడనీ, అప్పుడు కారిన రక్తపు చారే ఆ ఎర్రని గీత అనీ చెప్తారు. పిల్లలకు ఈ కథ ఎప్పటికీ గుర్తుంటుంది. అమ్మవారు బాలచాముండిక. మీరు వచ్చేది పుష్యంలో కాబట్టి రద్దీ అంతగా ఉండదు. కార్తీక సోమవారాల్లో మాత్రం ఈ ప్రయాణం ఎవరికీ చెప్పను. పంచారామాలు ఒక్కరోజులో తిప్పే బస్సులన్నీ ముందు ఇక్కడికే వస్తాయి.

ఇప్పుడు అసలు సంగతి. మీ ప్రశ్నలో "బౌద్ధానివి ఎన్ని, హిందువులవి ఎన్ని, రెండూ సమానంగా చూడాలి" అని రాశారు. అమరావతిలో ఆ లెక్క నిలవదు. ఈ శివాలయంలోని ఒక స్తంభం మీద 1182 నాటి శాసనం ఉంది. కోట వంశపు కేతరాజు వేయించాడు. ఆయన శివభక్తుడు. ఆ శాసనంలో ధాన్యకటకంలో, అంటే పాత పేరుతో ఈ అమరావతిలోనే, అమరేశ్వరుడు ఉన్నాడనీ, అక్కడే శిల్పాలతో నిండిన ఎత్తయిన బుద్ధుడి చైత్యం ఉందనీ చెప్పి, ఆ బుద్ధుడి ముందు దీపాలకు దానం రాశాడు. శివుడి గుడి స్తంభం మీద బుద్ధుడి దీపాల లెక్క! తరగతి గదిలో ఎన్నిసార్లు చెప్పినా ఈ వాక్యం దగ్గర నా గొంతు మారేది. అక్కడితో ఆగలేదు. 1344లో సింహళంలో గడలదెణియ దగ్గర వేయించిన శాసనంలో, ధర్మకీర్తి అనే భిక్షువు ధాన్యకటకంలో రెండంతస్తుల ప్రతిమాగృహాన్ని బాగుచేయించాడని ఉంది. అంటే అశోకుడి కాలం దగ్గర మొదలై, శాతవాహనుల కాలంలో వెలిగిన ఆ స్తూపానికి పద్నాలుగో శతాబ్దం దాకా మొక్కేవాళ్లున్నారు. పక్కనే శివుడికీ మొక్కేవాళ్లున్నారు. ఇద్దరూ ఒకే ఊరివాళ్లు. "ఆరామం" అన్న మాటే బౌద్ధ విహారాల మాట కదా అని పండితులు పంచారామాల గురించి చాలాకాలంగా వాదించుకుంటున్నారు. ఆ వాదంలోకి మిమ్మల్ని లాగను. ఈ గుడి నుంచి ఆ స్తూపానికి వెళ్లేటప్పుడు ఒక మతం వదిలి ఇంకో మతంలోకి వెళ్తున్నట్టు కాక, ఒకే ఊళ్లో ఒక వీధి నుంచి ఇంకో వీధికి వెళ్తున్నట్టు నడవండి.

గుడి అయ్యాక నేరుగా స్తూపానికి వెళ్లకండి. ముందు మ్యూజియం చూడండి. ఈ వరస తప్పినందుకే చాలామంది "అమరావతిలో ఏముంది, ఇటుకల దిబ్బ" అంటూ తిరిగొస్తారు. మొదటి ఏడాది నేనూ అదే తప్పు చేశాను. ఏప్రిల్‌లో మిట్టమధ్యాహ్నం పిల్లల్ని స్తూపం చుట్టూ తిప్పితే ఒకడు "ఇక్కడ ఏం లేదు మాస్టారూ" అన్నాడు. వాడిదేం తప్పు లేదు. నిజంగానే అక్కడ మిగిలింది తక్కువ. శిల్పాలు లేవు గనక.

ఎందుకు లేవో పాపకు చెప్పండి. 1790లలో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి నుంచి వచ్చి ఇక్కడ కొత్త ఊరు కట్టించాడు. ఇళ్లకూ కట్టడాలకూ ఇటుక, రాయి కావలసి వచ్చింది. పక్కనే జనం దీపాలదిన్నె అని పిలిచే దిబ్బ ఉంది. తవ్వితే చెక్కిన రాళ్లు బయటపడ్డాయి. ఆ కబురు విని 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కోలిన్ మెకంజీ వచ్చి చూశాడు. చాలా ఏళ్ల తర్వాత మళ్లీ వచ్చి తన మనుషులతో బొమ్మలు గీయించాడు. ఆలోపే చాలా రాళ్లు పోయాయి. 1845లో వాల్టర్ ఇలియట్ అనే కంపెనీ అధికారి తవ్వించి రాళ్లను మద్రాసు పంపాడు. వాటిలో ఎన్నో 1859లో లండన్ చేరాయి. ఇవాళ బ్రిటిష్ మ్యూజియంలో ఒక గది నిండా ఉన్నవి అవే. ఇంకో పెద్ద భాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. తెల్లవాళ్లు వాటిని పాలరాళ్లన్నారు. నిజానికి అది మన పల్నాటి సున్నపురాయి. వెన్నలా చెక్కుడుపడే రాయి గనకే అంత సన్నని పనితనం సాధ్యమైంది.

వెంకటాద్రి నాయుణ్ణి తిట్టిపోయడం నాకిష్టం లేదు. అమరేశ్వరాలయాన్ని బాగుచేయించిందీ, మంగళగిరి గాలిగోపురం కట్టించిందీ ఆయనే. చెంచులను నమ్మించి చంపించిన పాపం పోగొట్టుకోవడానికే ఇన్ని గుళ్లు కట్టించాడని మా ప్రాంతంలో ముసలివాళ్లు చెప్పేవాళ్లు. దిబ్బ కింద ఏముందో ఆ రోజుల్లో ఎవరికీ తెలియదు. ఆరు వందల ఏళ్ల కింద దీపాలు వెలిగిన చోటని దాని పేరు మాత్రమే చెప్తూ వచ్చింది.

మ్యూజియంలో గంటసేపు గడపండి. పురావస్తు శాఖ మ్యూజియానికి శుక్రవారం సెలవు. మీ ప్రయాణం ఏ రోజైనా ఫరవాలేదు, శుక్రవారం తప్ప. ఉదయం 10కి తెరుస్తారు, గుడి ముగించుకుని వచ్చేసరికి సరిపోతుంది. అక్కడ అన్నీ చూడాలని పట్టుబట్టకండి, మూడు చూస్తే చాలు. ఒకటి, స్తూపం బొమ్మే చెక్కిన పలక. స్తూపానికి తొడిగిన పలకల మీద ఆనాటి శిల్పులు ఆ స్తూపాన్నే చెక్కారు: గుమ్మటం, చుట్టూ కంచె, నాలుగు దిక్కుల్లో ముందుకు పొడుచుకొచ్చిన అరుగుల మీద అయిదేసి ఆయక స్తంభాలు, ద్వారాల దగ్గర సింహాలు, పైన ఎగిరే గంధర్వులు. పోయిన ఇంటికి ఆ ఇంటివాళ్లే గీసి పెట్టిన పటం అది. దాన్ని మనసులో పెట్టుకుని స్తూపానికి వెళ్తే ఇటుకల మీద గుమ్మటం దానంతటదే లేస్తుంది. రెండు, బుద్ధుడు లేని బుద్ధుడి బొమ్మలు. పాత పలకల్లో ఆయన ఉండడు. ఖాళీ ఆసనం, పాదాలు, బోధివృక్షం ఉంటాయి, చుట్టూ జనం చేతులు జోడించి ఉంటారు. తర్వాతి కాలపు పలకల్లో మనిషి రూపంలో కనిపిస్తాడు. పాపను వెతకమనండి, ఏది ముందుదో ఏది తర్వాతదో తనే చెప్తుంది. మూడు, పూర్ణఘటం. తామరలతో పొంగిపొర్లే కుండ. ఇవాళ మన రాష్ట్ర ప్రభుత్వ చిహ్నంలో మధ్యన ఉన్నది అదే.

ఆ పూర్ణఘటం పలకల్లో ఒకదాన్ని చేయించి ఇచ్చినవాడు విధికుడనే చర్మకారుడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లు అందరితో కలిసి ఇచ్చాడని శాసనంలో ఉంది. రాజుల పేర్లు పుస్తకాల్లో చదువుతాం. చెప్పులు కుట్టే మనిషి ఇంటిల్లిపాదీ చేరి ఒక రాయి చేయించి ఇచ్చిన కబురు రెండువేల ఏళ్ల తర్వాత మనకు చేరడం నాకు అంతకన్నా పెద్ద విషయం. ఇంకోటి కూడా పాపకు చెప్పండి. తెలుగు మాటగా గుర్తించిన అతి పాత మాటల్లో ఒకటైన "నాగబు" దొరికింది ఈ అమరావతి రాళ్ల మీదే. దాన్ని గుర్తించినవారు వేటూరి ప్రభాకరశాస్త్రి గారు.

తర్వాత స్తూపం. అరగంట చాలు. అడ్డుకొలత దాదాపు 50 మీటర్లు, ఒక్కసారి చుట్టూ ప్రదక్షిణంగా నడవండి. నాన్నగారికి ఇక్కడ మెట్ల బాధ లేదు. 2006 జనవరిలో దలైలామా కాలచక్ర అనే టిబెట్ బౌద్ధుల ఉత్సవం ఈ ఊళ్లోనే జరిపించారు. టిబెట్ నుంచి, భూటాన్ నుంచి వచ్చిన వాళ్లతో ఊరు నిండిపోయింది. వాళ్లలో కొందరు స్తూపం చుట్టూ సాష్టాంగపడుతూ ప్రదక్షిణ చేయడం చూశాను. మనం మరిచిన ఊరిని వాళ్లు ధాన్యకటకం అని పాత పేరుతో పిలిచారు.

125 అడుగుల ధ్యానబుద్ధ విగ్రహం ఈమధ్య కట్టినది. పురాతనం అనుకుని వెళ్లకండి. ప్రశాంతంగా ఉంటుంది, పాపకు నచ్చుతుంది, పావుగంట ఇవ్వండి. మధ్యాహ్నం భోజనం అమరావతిలోనే చేసి నాన్నగారికి కాస్త నడుం వాల్చే వీలు చూడండి. ముసలివాళ్లతో వెళ్లినప్పుడు ఈ గంట దాచుకోకపోతే సాయంత్రం ఉండవల్లి చెడుతుంది.

3:30 కల్లా ఉండవల్లి. దారిలో జామకాయలు అమ్ముతుంటే కొనుక్కోండి. కొండను తొలిచి నాలుగు అంతస్తులు చేశారు. ముందు భాగం వెడల్పు 29 మీటర్లు. క్రీ.శ. 5–7 శతాబ్దాల మధ్య పని అని, విష్ణుకుండినుల కాలంతో ముడిపెట్టి చెప్తారు. కింది అంతస్తు సగంలో ఆగింది. సగం చెక్కి వదిలేసిన స్తంభాలు ఉంటాయి, అందరూ దాటేసి పైకి పోతారు. మీరు అక్కడ అయిదు నిమిషాలు ఆగండి. కొండలోంచి స్తంభం ఎలా బయటికొస్తుందో అంత స్పష్టంగా ఇంకెక్కడా కనపడదు. మొదటి అంతస్తులో త్రిమూర్తులకు గర్భగుళ్లు, స్తంభాల మీద రామాయణం బొమ్మలు ఉన్నాయి. హనుమంతుణ్ణి పాప కనిపెట్టేస్తుంది. గదుల అమరిక భిక్షువుల విహారంలా ఉందని, మొదట బౌద్ధులో జైనులో తొలిచి ఉంటారని ఒక అభిప్రాయం ఉంది. అక్కడ నిలబడి గోడలు చూస్తే ఆ ఊహ ఎందుకు వచ్చిందో మీకే తెలుస్తుంది.

రెండో అంతస్తులో అనంతపద్మనాభుడు. 5 మీటర్లకు పైగా పొడవు, శేషుడి మీద పడుకుని ఉంటాడు, కాళ్ల వైపు మధుకైటభులు. లోపల వెలుగు తక్కువ. ఫోను లైటు మొహం మీద వేయకుండా కాసేపు కళ్లు అలవాటు పడనివ్వండి, రూపం మెల్లగా తేలుతుంది. నాన్నగారు ఇంతవరకు ఎక్కగలిగితే చాలు. రాతిమెట్లు ఎత్తుగా ఉంటాయి, ఒక చెయ్యి పట్టుకోవాలి. అంతకూ ఎక్కలేకపోతే కింద పచ్చికలో కూర్చోబెట్టండి. అక్కడినుంచి నాలుగంతస్తులూ ఒకేసారి కనిపిస్తాయి, నష్టమేం లేదు.

మంగళగిరి సంగతి. పానకాల స్వామి కొండ మీది గుడి మధ్యాహ్నం 3 తర్వాత తెరిచి ఉండదు, రాత్రి దేవతలు సేవిస్తారని నమ్మకం. కాబట్టి ఈ వరసలో అది కుదరదు. ఇంకా ఓపిక మిగిలితే, ఉండవల్లి అయ్యాక కింది గుడికి వెళ్లి 11 అంతస్తుల గాలిగోపురం చూడండి. 1807–09లో కట్టినది, ఎత్తు 153 అడుగులు. పొద్దున విన్న వెంకటాద్రి నాయుడి పేరు సాయంత్రం మళ్లీ తగులుతుంది.

ఇంకోసారి ఒక రోజు దొరికితే నేరుగా చేజెర్ల వెళ్లండి. కపోతేశ్వరుడి గుడి వెనక భాగం ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుంది. అది బౌద్ధ చైత్యం కట్టడం, ఇవాళ లోపల శివుడు. పావురం కోసం తన మాంసం కోసిచ్చిన శిబి చక్రవర్తి కథ అక్కడిది. ఆ కథ బౌద్ధుల జాతకాల్లోనూ ఉంది, మన భారతంలోనూ ఉంది. భట్టిప్రోలు మాత్రం లిపి మీద ఆసక్తి ఉన్నవాళ్లకు. 1892లో అలెగ్జాండర్ రీ తవ్వకంలో ధాతువుల (బౌద్ధులు పూజించే అస్థికల) కరండాలు, అంటే భరిణెలు, వాటిమీద పాత బ్రాహ్మి రాతలు దొరికింది అక్కడే. ఆసక్తి లేకపోతే మట్టిదిబ్బే కనిపిస్తుంది.

తీసుకెళ్లాల్సినవి: పాత మేజోళ్లు, ఎందుకంటే చెప్పులు విడిచి రాతి మీద నడవాలి, నీళ్లు, నాన్నగారికి మడతకుర్చీ. పాప చేతిలో ఒక నోటుపుస్తకం, పెన్సిలు పెట్టండి. మ్యూజియంలో పూర్ణఘటం దగ్గర కూర్చుని గీయమనండి. పిల్లలు గీస్తున్నంతసేపూ పెద్దవాళ్లు కూడా చూస్తారు. చివరగా ఉండవల్లిలో 5 గంటలకు దిగొచ్చే ముందు పై వసారా చివర నిలబడి ఈశాన్యం వైపు చూడండి. పొలాలూ కృష్ణా దాటి అవతల ఇంద్రకీలాద్రి కనిపిస్తుంది. పొద్దున మొదటి వెలుగు పడింది దాని మీదే.